గిన్నె చెరువా, ఊరి చెరువా: ఏది మేలు?

బెంగళూరులో సర్జాపుర రోడ్డు వైపు, మా అపార్ట్‌మెంట్ వెనక ఒక పాత చెరువుంది. దాన్ని బాగుచేయడానికి మా ముందుకు రెండు ప్లాన్లు వచ్చాయి. మొదటిదాంట్లో చెరువుని గిన్నెలా లోతుగా తవ్వి, చుట్టూ గుండ్రంగా కట్ట వేస్తారు. దాని మీద పేవర్ బ్లాకుల వాకింగ్ ట్రాక్, పక్కన లాను, ఓపెన్ జిమ్, గేటు దగ్గర గోడ మీద బెంగళూరు కట్టించిన కెంపేగౌడ బొమ్మ. రెండోదాంట్లో పాత కట్టకే మరమ్మతు చేస్తారు. పొలాలకి నీళ్ళు వదిలే తూము, నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు నిలబెడతారు. మిగతా మూడు వైపులా ఒడ్డుని వాలుగానే వదిలేస్తారు. స్క్రీన్ మీద చూస్తే మొదటిదే అందంగా ఉంది. మా అసోసియేషన్‌లో చాలామంది దానికే చెయ్యెత్తారు. నాకు మాత్రం రెండోదే కావాలి.

ఈ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పెద్ద నది లేదు. అందుకే పాతవాళ్ళు వాలు చూసుకుని ఒక చెరువు అలుగు నీళ్ళు కింది చెరువులో పడేలా గొలుసు కట్టారు. మధ్యలో నీళ్ళు నడిచే దారి రాజకాలువె. ఆ గొలుసు చాలాచోట్ల తెగింది. ధర్మాంబుధి చెరువు మీద ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండుంది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయిపోయి, కరగ పండుగ కోసం చిన్న గుంట మాత్రం మిగిలింది.

పాత చెరువుకి కట్ట ఒక్క వైపే ఉంటుంది. పై వైపునంతా నేల మెల్లగా వాలుతూ నీళ్ళలోకి దిగుతుంది. వాన నీళ్ళు పరుచుకుంటూ వచ్చేది ఆ వాలు మీదుగానే. అక్కడ గుండ్రటి కట్ట వేస్తే వచ్చే నీళ్ళకి ఆ కట్టే అడ్డమైపోతుంది. కాలువ నోట్లో నుంచి వచ్చినన్నే లోపలికి వస్తాయి, మిగతావి రోడ్ల మీదికీ ఇళ్ళలోకీ పోతాయి. 2022 సెప్టెంబరులో మా వైపు లేఔట్లలో జనాన్ని ట్రాక్టర్ల మీద దాటించారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ, చెరువులకీ కాలువలకీ మధ్య దారులు మూసుకుపోవడం అందులో పెద్దది. పక్షుల సంగతి కూడా అంతే. లోతు తక్కువ నీళ్ళుంటేనే కొంగ నిలబడి వేటాడగలదు. ఒడ్డు నిటారుగా ఉంటే దానికి కాలు మోపే చోటుండదు.

మీటింగ్ అయిన మర్నాడు పాత ఊరి తాతతో కలిసి కట్ట మీదికి వెళ్ళాను. ఈ చుట్టుపక్కల పాత ఊళ్ళలో రెడ్ల ఇళ్ళల్లో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు. మధ్యమధ్య కన్నడ మాటలు కలిసే తెలుగు. ఆయన ముళ్ళకంప పక్కకి తోసి తూము చూపించారు. రెండు నిలువు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా పరిచిన రాతి పలకలు, పలకల నడుమ గుండ్రటి రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి పొడవాటి కొయ్య కిందికి దిగేదట. దాన్ని పైకి లాగితే పొలాలకి నీళ్ళు. ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసేవాణ్ణి ఇక్కడ నీరుగంటి అంటారు, తెలంగాణలో నీరటి అన్నట్టు. రంధ్రం అంచు మీద వేలు పెట్టి చూశాను. కొయ్య రాసుకుని రాసుకుని రాయి నున్నగా అరిగిపోయి ఉంది.

"కోడి పడిన రోజు ఊరంతా ఇక్కడే ఉండేదమ్మా. గంగమ్మకి పూజ చేసేవాళ్ళు. పిల్లలం తువ్వాళ్ళు అడ్డం పెట్టి చేపలు పట్టేవాళ్ళం" అన్నారాయన. కోడి అంటే కన్నడంలో అలుగు. మొదటి ప్లానులో ఈ తూముని "తొలగించవలసిన రాళ్ళు" అని రాశారు. అది చదివి నాకు నిజంగా బాధేసింది. గోడ మీద కెంపేగౌడకి రంగులు వేసి, ఆ కాలపు పద్ధతిలో నిలబెట్టిన రాళ్ళు పీకేస్తే చరిత్రని గౌరవించినట్టు ఎలా అవుతుంది?

చెట్ల విషయంలోనూ ఇదే తేడా. టబెబుయా చెట్ల గులాబీ రంగు పూలు ఫోటోలకి బాగుంటాయి. కానీ ఊరి పక్క గుండు తోపుల్లో, అంటే ఊరుమ్మడి చెట్ల తోపుల్లో, ఉండేవి చింత, మామిడి, నేరేడు. నాగరాళ్ళ కట్ట మీద రావి, వేప ఎలాగూ ఉన్నాయి, వాటిని కదపకపోతే చాలు.

మొదటి ప్లానులో మంచి లేదని కాదు. నేను రోజూ నడిచేదాన్నే. చీకటి పడ్డాక అక్కడ సీసాలు పగలగొట్టేవాళ్ళూ, రాత్రికి రాత్రి మట్టి పోసి జాగా కలుపుకునేవాళ్ళూ ఉన్నప్పుడు కంచె లేకపోతే టెన్షనే. కంచె ఉండనివ్వండి, పశువులకీ గడ్డి కోసుకునేవాళ్ళకీ ఒక దారి వదలండి. మాకు దగ్గర్లోని కైకొండ్రహళ్ళి చెరువుని బాగుచేసినప్పుడు గడ్డి కోసుకునేవాళ్ళని బయటికి తోసేయలేదు. అక్కడ నడిచేవాళ్ళూ ఉన్నారు, పక్షులూ ఉన్నాయి.

మురుగు వస్తున్న చెరువుకి మాత్రం తూము, అలుగు చాలవు. జక్కూరులో శుద్ధి చేసిన నీళ్ళని ముందు జమ్ము పెరిగిన తడి నేల గుండా పారించి, ఆ తర్వాతే చెరువులోకి వదులుతారు. పై కాలువలన్నీ ఇళ్ళ కిందకి పోయిన చోట పాత పద్ధతి పట్టుకుని కూర్చున్నా చెరువు నిండదు. అలాంటి చోట పక్క అపార్ట్‌మెంట్లలో శుద్ధి చేసిన నీళ్ళే దిక్కు, గిన్నెలా తవ్వినా తప్పు పట్టను. మా చెరువుకి ఆ గతి పట్టలేదు. పై కాలువ పూడిపోయిందే గానీ ఆక్రమణ కాలేదు.

అందుకే మొదటి ప్లాను కాగితం మీద ఎర్ర పెన్నుతో నాలుగు మార్పులు రాసిచ్చాం: పై వైపు కట్ట వద్దు, నడక పాత కట్ట మీదే, వినాయక నిమజ్జనానికి పక్కన వేరే కల్యాణి (చిన్న కోనేరు), తూము రాళ్ళు ఉన్నచోటే ఉండాలి. వచ్చే మీటింగ్‌కి తాతని కూడా తీసుకెళ్తున్నాం. కాలువ పాత దారి ఎక్కడ మొదలై ఎక్కడ కలిసేదో ఆయనకొక్కరికే బాగా తెలుసు.