ఇల్లు కట్టిస్తున్నారా? అగ్రిమెంట్‌లో "ముందు సెటిల్‌మెంట్, తర్వాతే ఆర్బిట్రేషన్" అని ఉంటే జాగ్రత్త

బోడుప్పల్ వైపు మా 200 గజాల్లో జీ ప్లస్ 1 కట్టించుకున్నాం, మెటీరియల్‌తో సహా మొత్తం ఒక కంపెనీకే అప్పజెప్పాం, పేరు రాయను, కేసు నడుస్తోంది. 2022 జూన్‌లో తాళాలు ఇచ్చారు, జూలై వానలకే పై బెడ్‌రూమ్ స్లాబ్ చెమ్మ పట్టేసింది, బాత్రూమ్ నుంచి కింద హాల్లోకి నీళ్ళు కారడం మొదలైంది. ఫోన్ చేస్తే మేస్త్రీని పంపిస్తాం అంటారు, మేస్త్రీ వచ్చి ఏదో పూసి పోతాడు, మళ్ళీ వాన, మళ్ళీ మేస్త్రీ, ఇలా ఏడాదిన్నర.

లీకేజీ బాధ కట్టించుకున్న ప్రతివాడికీ తెలుసు, ఈ పోస్టు దాని గురించి కాదు. నేను అసలు దెబ్బ తిన్నది అగ్రిమెంట్ చివరి పేజీలో ఉన్న క్లాజ్ దగ్గర. గొడవ వస్తే ముందు ప్రాజెక్ట్ మేనేజర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, 30 రోజుల్లో తేలకపోతే డైరెక్టర్‌తో కూర్చోవాలి, అక్కడా కుదరకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గర రాజీకి ప్రయత్నించాలి, ఇవన్నీ అయ్యాకే ఆర్బిట్రేషన్ (అంటే కోర్టు బదులు ఆర్బిట్రేటర్ అనే తీర్పరి దగ్గర గొడవ తేల్చుకోవడం) అని ఉంది. సంతకం పెట్టేముందు చదివాను కూడా. మంచిదే కదా, పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకున్నట్టే అనుకున్నా.

2024 జనవరిలో విసుగొచ్చి లాయర్ ఖర్చెందుకులే అని నేనే నెట్‌లో ఫార్మాట్ చూసి ఆర్బిట్రేషన్ నోటీసు పంపేశా. జవాబు నాలుగు లైన్లు. క్లాజ్‌లో చెప్పిన స్టేజీలు మీరు పూర్తి చేయలేదు, కాబట్టి మీ నోటీసు చెల్లదు అని. అదేంటి, ఏడాదిన్నర నుంచి మీ మేనేజర్‌తోనే కదా మాట్లాడుతున్నా అంటే ఫోన్లు రాతపూర్వకం కిందకి రావంట.

అప్పుడు లాయర్ దగ్గరికి పరిగెత్తా. ఆయన చెప్పింది విన్నాక తెలిసింది, ఈ విషయంలో కోర్టులే ఒక్క మాట మీద లేవు. ఇలాంటి స్టేజీలు పూర్తి చేయాల్సిందే అని 1999లో కేరళ హైకోర్టు అంది, 2014లో ఢిల్లీ హైకోర్టు అవి తప్పనిసరేం కాదంది, అదే ఏడాది డెమెరారా డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు అప్పటికే నడిచిన ఉత్తరాలు చూసి ఇంకా చర్చలు జరపమనడం ఉత్త లాంఛనమే అని ఆర్బిట్రేటర్‌ని వేసింది. ఉత్తరాలు చూసి, అది గమనించండి. నా దగ్గర ఉన్నదేమో కాల్ లిస్టు. వాదించొచ్చు గానీ ఆ వాదనకే ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను, స్టేజీలు కాగితం మీద మళ్ళీ చేసేయండి, అదే దగ్గర దారి అన్నాడు.

సరే అని మొదలుపెట్టా. ఇక్కడ రెండో దెబ్బ. మేనేజర్‌కి లెటర్ పంపితే డైరెక్టర్‌ గారు ఊళ్ళో లేరు, శ్రావణం వెళ్ళాక కూర్చుందాం, దసరా తర్వాత, దీపావళి తర్వాత... 2024 మొత్తం అలాగే గడిచింది, నేనేమో సెటిల్‌మెంట్ నడుస్తోంది కదా టైమ్ లెక్కలోకి రాదులే అని ధీమాగా ఉన్నా. వస్తుంది! ఆర్బిట్రేషన్‌కి కూడా లిమిటేషన్ చట్టం, అంటే కేసు వేయడానికి గడువు పెట్టే చట్టం, వర్తిస్తుంది, మామూలుగా 3 ఏళ్ళు. ఉత్తరాలు రాసుకుంటూ పోయినంత మాత్రాన గడువు పెరగదని 2021లో బీఎస్ఎన్ఎల్ – నోర్టెల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చర్చల కాలాన్ని మినహాయించమని అడగాలంటే ఎప్పుడు మొదలయ్యాయి, ఎక్కడ తెగిపోయాయి అన్నదంతా రికార్డులో పెట్టాలని 2019లో జియో మిల్లర్ కేసులో అంది. ఇంకో సంగతి, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క మనం నోటీసు పోస్ట్ చేసిన రోజు కాదు, అవతలివాళ్ళకి అందిన రోజు. అందుకే స్పీడ్ పోస్ట్ ట్రాకింగ్ ప్రింట్ తీసి దాచుకోండి. నాది రెండో నోటీసు 2025 మేలో అందింది, జూలైకి 3 ఏళ్ళు నిండుతాయి, అంత దగ్గరగా బయటపడ్డా.

అన్నిటికన్నా కడుపు మండేది ఇంకోటుంది. ఇల్లు కట్టివ్వడం కన్జ్యూమర్ చట్టంలో సర్వీస్ కిందకే వస్తుంది, అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ ఉన్నా కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చని 2018లోనే ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దానికి గడువు 2 ఏళ్ళే, నేను శ్రావణం తర్వాత మీటింగ్ కోసం ఎదురుచూస్తుండగా ఆ 2 ఏళ్ళు అయిపోయాయి. సరైన కారణం చూపిస్తే ఆలస్యం మన్నిస్తారు, కానీ డైరెక్టర్ గారి శ్రావణం కారణం అవుతుందో లేదో మీరే చెప్పండి.

మా అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేటర్‌ని కంపెనీ ఎండీయే నియమిస్తాడని కూడా ఉంది, అది మాత్రం 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన పెర్కిన్స్ తీర్పు తర్వాత నిలబడదట, అందుకే ఆర్బిట్రేటర్‌ని వేయమని హైకోర్టులో అప్లికేషన్ వేశాం, నంబర్ పడింది, వాయిదాలు నడుస్తున్నాయి. హాల్లో బకెట్ అలాగే ఉంది.

ఇప్పుడు సైన్ చేయబోతున్నవాళ్ళు ఆ క్లాజ్ కింద ఒక్క లైన్ అడగండి, మొదటి లెటర్ అందిన 60 రోజుల్లో రాజీ కుదరకపోతే, మీటింగ్ జరిగినా జరగకపోయినా, సెటిల్‌మెంట్ ఫెయిలైనట్టే అని. ఇప్పటికే సైన్ చేసేసినవాళ్ళు ప్రతి ఫోన్ కాల్ తర్వాత "ఈరోజు మీరు ఇలా అన్నారు" అని అదే రోజు ఒక మెయిల్ కొట్టండి, మీటింగ్‌కి తేదీ మీరే వేసి పిలవండి, రాకపోతే రాలేదని ఇంకో మెయిల్. మా బాబాయి కొడుకు పోయిన నెల ఘట్‌కేసర్‌లో ఇల్లు మొదలుపెట్టాడు, నా గోల విని ఆ 60 రోజుల లైన్ పెన్నుతో రాయించి పక్కన ఇద్దరి సంతకాలూ పెట్టించాడు. కాంట్రాక్టర్ కిక్కురుమనలేదంట, టీ కూడా ఆయనే తెప్పించాడంట.