ఓటిస్ రెడింగ్‌ను ఎక్కడ మొదలుపెట్టి వినడం మేలు?

అరవైల నాటి అమెరికన్ గాయకుడు ఓటిస్ రెడింగ్ పేరు తెలిసినవాళ్లలో చాలామంది అతని పాట ఒక్కటే విని ఉంటారు. రేవులో కూర్చుని వచ్చే ఓడల్నీ పోయే ఓడల్నీ చూస్తూ, చివర ఈల వేసే పాట, 'డాక్ ఆఫ్ ద బే'. నేనూ దాంతోనే మొదలుపెట్టాను. దిగులుగా, నెమ్మదిగా పాడే గాయకుడని చాలాకాలం అనుకున్నాను. తర్వాత అతని 'ఓటిస్ బ్లూ' ఆల్బమ్ విన్నప్పుడు ఈ గొంతూ ఆ గొంతూ ఒక మనిషివేనా అనిపించింది. కొన్నేళ్లపాటు అతన్ని తప్పుగా విన్నానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే కొత్తగా వినబోయేవాళ్లకు ఏది ముందు, ఏది తర్వాత అన్నది చెప్పాలనిపిస్తోంది.

నా లెక్కలో దారులు మూడు. 1965లో స్టూడియోలో చేసిన 'ఓటిస్ బ్లూ'. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ సంగీతోత్సవ వేదిక మీద పాడిన ఐదు పాటలు. అతను పోయాక 1968లో వచ్చిన 'డాక్ ఆఫ్ ద బే' ఆల్బమ్.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. 1941లో జార్జియా రాష్ట్రంలోని డాసన్‌లో పుట్టాడు, మేకన్‌లో పెరిగాడు. చిన్నప్పుడు చర్చిలో పాడేవాడు. ఇల్లు గడవక పదిహేనేళ్లకే బడి మానేసి బావులు తవ్వాడు, పెట్రోలు బంకులో పనిచేశాడు. 1962లో జానీ జెంకిన్స్ అనే గిటారిస్టును కారులో ఎక్కించుకుని మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోకి తీసుకెళ్లాడు. రికార్డింగ్ జెంకిన్స్‌ది, ఇతను కారు తోలినవాడు. ఆ రోజు అనుకున్న పని సరిగా సాగలేదు. మిగిలిన కాస్త టైములో ఇతన్ని పాడమన్నారు. తను రాసుకున్న 'దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్' పాడాడు. ఆ రోజు నుంచి చనిపోయేదాకా గట్టిగా ఐదేళ్లు. నేను పోలుస్తున్నవన్నీ ఆ ఐదేళ్లలోవే.

'ఓటిస్ బ్లూ' దాదాపు మొత్తం 1965 జూలై 9, 10 తేదీల్లో, ఇరవైనాలుగు గంటల వ్యవధిలో తయారైంది. స్టూడియో వాద్యకారులు రాత్రిపూట ఊళ్లో క్లబ్బుల్లో వాయించాలి కాబట్టి మధ్యలో ఆపి, వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టారు. స్టాక్స్ అంటే ఒకప్పటి సినిమా హాలు, కుర్చీలు తీసేసినా నేల వాలు అలాగే ఉండిపోయింది. ఆ గదిలో స్టీవ్ క్రాపర్ గిటారు, డక్ డన్ బేస్, అల్ జాక్సన్ డ్రమ్స్, కీబోర్డు దగ్గర బుకర్ టి. జోన్స్, ఐజాక్ హేస్. ఓటిస్‌కు స్వరలిపి రాదు. ట్రంపెట్లూ శాక్సఫోన్లూ ఏం వాయించాలో నోటితో పాడి చూపించేవాడు. అందుకే ఆ రికార్డుల్లో బూరలు వెనక నుంచి తోడు వాయిస్తున్నట్టు ఉండవు, అతను పాడి వదిలిన చోట మాట అందుకుంటాయి.

పదకొండు పాటల్లో సొంతంగా రాసినవి రెండు, గాయకుడు జెర్రీ బట్లర్‌తో కలిసి రాసింది ఒకటి. మరో గాయకుడు సామ్ కుక్‌వి మూడున్నాయి. కుక్ 1964 డిసెంబరులో తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు, ఓటిస్‌కు అతనంటే ప్రాణం. ఇంగ్లండ్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ పాట 'శాటిస్‌ఫాక్షన్' అప్పుడే కొత్తగా వచ్చింది. అందులో గిటారు వాయించే ముక్కను ఇక్కడ బూరలకిచ్చారు.

బట్లర్‌తో రాసిన పాట 'ఐవ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్'. నా మటుకు నాకు ఆల్బమ్ అంటే అదే. ఆమెకు ప్రేమ సన్నగిల్లుతోందని అతనికి తెలుసు. తను మాత్రం ఆపలేడు, ఆ మాటే చెబుతాడు. పాట మెల్లగా నడుస్తుంది. బూరలు మెట్టు మెట్టుగా పైకెక్కుతుంటే ఇతని గొంతు వాటిని దాటుకుని వేడుకుంటుంది. రాసినవాడే పాడుతున్నాడన్న సంగతి మాటల మధ్య వదిలిన ఖాళీల్లో తెలుస్తుంది.

'రెస్పెక్ట్' కూడా ఇక్కడిదే. పనిచేసి ఇంటికొచ్చిన మగవాడు భార్యను మర్యాద అడిగే పాట ఇది. 1967లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ దాన్ని ఆడమనిషి నిలదీసే పాటగా తిప్పేసింది. ఆ మాటను అక్షరం అక్షరం విడదీసి పాడే ముక్క ఆమె పెట్టిందే, ఓటిస్ పాటలో లేదు. రెండిట్లో ఏది మేలంటే అరీతాదే, నాకు అనుమానం లేదు. కానీ అంతగా సాగదీసినా తెగని పాట రాసింది ఇరవైనాలుగేళ్లు నిండని కుర్రాడు. ఓటిస్‌ను గాయకుడిగా పొగిడేవాళ్లు రచయితగా అతన్ని తక్కువ పట్టించుకున్నారన్నది నా ఫిర్యాదు.

మాంటెరీ సంగతి వేరు. 1967 జూన్ 17, శనివారం రాత్రి, సన్నగా వాన. ఎదురుగా ఉన్నది ఎక్కువగా తెల్ల కుర్రకారు, ఓటిస్ పాడే సోల్, అంటే చర్చి పాటల ఛాయలున్న అమెరికా నల్లవాళ్ల సంగీతం, వాళ్లకు అలవాటైనది కాదు. ఆ రాత్రి ఆఖరున వచ్చి ఐదే పాటలు పాడాడు. 'రెస్పెక్ట్' అందుకునే ముందు, ఈ పాటను ఒకమ్మాయి నా దగ్గర్నుంచి పట్టుకుపోయిందని చెప్పాడు. చివరిది 'ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్', 1932 నాటి పాత పాట. మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది. డ్రమ్ము అంచు మీద పుల్ల గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. తర్వాత వేగం, ఇంకా వేగం, చివరికి కేకలు. మన పద్యనాటకాల్లో నటుడు రాగం ఎత్తుకుని వదలకుండా నిలబెడితే జనం వన్స్ మోర్ అని లేచేవారే, ఆ ఊపు ఇక్కడ కనిపిస్తుంది. కనిపిస్తుంది అనే అంటున్నాను, ఎందుకంటే దీన్ని దర్శకుడు పెన్నెబేకర్ తీసిన వీడియోలో చూడాలి. ఉత్త చెవులకు సగమే అందుతుంది. పైగా 'షేక్', 'రెస్పెక్ట్' అక్కడ పరుగుపందెంలా సాగుతాయి, మాటలు నలిగిపోతాయి. ఆ రాత్రి వేదికను ఏలినవాడు కనిపిస్తాడు, పాట కట్టినవాడు కనిపించడు.

ఇక 'డాక్ ఆఫ్ ద బే'. ఆ వేసవిలోనే శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర సాసలీటోలో పడవ ఇంట్లో ఉంటూ దీన్ని మొదలుపెట్టాడు, క్రాపర్‌తో కలిసి పూర్తిచేశాడు. గొంతుకు ఆపరేషన్ అయింది, కోలుకున్నాక రికార్డు చేశాడు. డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మాడిసన్ దగ్గర అతని విమానం మొనోనా సరస్సులో కూలింది. అతని వయసు 26. వెంట వాయించే బార్-కేస్ బృందంలోని నలుగురు కుర్రాళ్లూ పోయారు, బతికి బయటపడింది బెన్ కాలీ ఒక్కడే. అలల చప్పుడూ సముద్రపు పక్షుల కూతలూ క్రాపర్ ఆ తర్వాత కలిపాడు. 1968 మార్చిలో పాట అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. గాయకుడు చనిపోయాక వచ్చిన పాటకు అక్కడ ఆ చోటు దక్కడం అదే మొదలు.

పాట గొప్పది, ఆల్బమ్ మాత్రం అతుకులది. అతను పోయిన హడావిడిలో విడివిడిగా వచ్చిన పాత పాటల్నీ (సింగిల్స్) మిగిలిపోయిన పాటల్నీ పోగేసి వేశారు. 'ఓటిస్ బ్లూ'లోని 'ఓల్ మ్యాన్ ట్రబుల్' మళ్లీ ఇందులోనూ ఉంది, గాయని కార్లా థామస్‌తో పాడిన 'ట్రాంప్' కూడా. 'డాక్ ఆఫ్ ద బే' పాట ఒక్కటి నచ్చి అలాంటివి ఇంకా కావాలనుకునేవాళ్లు ఈ ఆల్బమ్ కొంటే నిరాశే. వాళ్లు అదే ఏడాది తర్వాత వచ్చిన 'ది ఇమ్మోర్టల్ ఓటిస్ రెడింగ్' వినాలి. 'హార్డ్ టు హ్యాండిల్', భార్య జెల్మా రాసిన కవితలోంచి పుట్టిన 'ఐవ్ గాట్ డ్రీమ్స్ టు రిమెంబర్' అందులో ఉన్నాయి.

కాబట్టి ముందు 'ఓటిస్ బ్లూ', అదీ మొదటి పాట నుంచి చివరిదాకా వరసగా. ఓ పదిహేను రోజులు దాంతోనే ఉండండి. తర్వాత ఓ రాత్రి మాంటెరీ వీడియో. పాట వినడానికి ఓపికలేని స్నేహితుణ్ణి ఒప్పించాలంటే మాత్రం వరస మార్చి అతనికి మాంటెరీయే ముందు చూపించండి.

అన్నీ అయ్యాక 'డాక్ ఆఫ్ ద బే' పాట పెట్టుకోండి. బతిమాలి, అరిచి, బూరలతో పోటీపడి పాడినవాడు అందులో ఎవర్నీ ఏమీ అడగడు. ఆఖరికి మాటలు కూడా వదిలేసి ఈల వేస్తాడు.