సాలార్‌జంగ్ పింగాణీ బొమ్మలు: గూడూరు కళ్ళతో చూస్తే

రాత్రి సింహపురి రైలెక్కి తెల్లారి హైదరాబాదు చేరే మనవాళ్ళలో చాలామంది సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటకొట్టే గడియారం, ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ చూసుకుని బయటపడతారు. గూడూరు, సైదాపురం గనుల సరుకు తెలిసినవాళ్ళు మాత్రం యూరప్ పింగాణీకి గంటన్నర అట్టిపెట్టుకోవాలి. ఆ బొమ్మల్లో ఉన్నది మనం లారీలకెత్తే రాళ్ళ జాతే. గట్టి పింగాణీ అంటే సుమారు సగం చైనామట్టి, మిగతా సగం ఫెల్డ్‌స్పార్, పలుగురాయి. 1400 డిగ్రీల దగ్గర ఫెల్డ్‌స్పార్ కరిగి, గాజులా మారి, తక్కిన రెంటినీ పట్టేస్తుంది.

ఆ వేడికి బొమ్మ మెత్తబడుతుంది. పచ్చిగా ఉన్నప్పటి కొలతలో ఆరోవంతు దాకా కుంచించుకుపోతుంది కూడా. అందుకే మొహం కన్నా ముందు కాళ్ళ వెనక చూడండి. చెట్టు మొద్దో, పొదో కనపడుతుంది. అందం సంగతి తర్వాత, సన్నటి చీలమండలు ఒంటి బరువుకి ఒరిగిపోకుండా పెట్టిన ఊత అది.

ఇవి చీమకుర్తి రాయిలా చెక్కినవి కావు. తల, చేతులు, ఒళ్ళు విడివిడిగా ప్లాస్టర్ అచ్చుల్లో నొక్కి, మట్టిజావతో అతికిస్తారు. రెండు ముక్కల తడి ఒకేలా లేకపోతే అతుకు ఆరేటప్పుడే చీలుతుంది. లోపలి గాలికి దారి లేకపోతే కొలిమిలో పగులుతుంది, అందుకని చిన్న బెజ్జం వదులుతారు. లేసు గౌన్ల పని మరీ తమాషా: నిజం లేసునే మట్టిజావలో ముంచి తొడుగుతారు. నూలు కాలిపోయి మట్టి అల్లిక మిగులుతుంది. గోరు తగిలితే రాలిపోయేంత పెళుసు. ఎక్కడైనా చిరగని లేసు కనపడితే కాసేపు ఆగి చూడాల్సిందే.

బొమ్మని జర్మనీ ఊరి పేరుతో ‘డ్రెస్డెన్’ అంటే తొందరపడి నమ్మొద్దు. ఆ ఊరి దగ్గరే మైసెన్‌లో 1710లో మొదలైన పింగాణీ కార్ఖానా సరుకునీ ఇంగ్లీషువాళ్ళు ఆ పేరుతోనే పిలిచేవారు. తర్వాత డ్రెస్డెన్ ఊళ్ళో రంగులద్దిన దుకాణాల సరుకు వేరు. పైగా 1731లో మైసెన్‌లో చేరిన శిల్పి కెండ్లర్ నమూనాలను తర్వాతి తరాలూ పోతపోశాయి. రూపం చూసి వయసు చెప్పడం కుదరదు.

ఏ మ్యూజియంలోనైనా ఉండే లోటే ఇక్కడా ఉంది: అద్దం వెనక నిలబెట్టిన బొమ్మకి అడుగు కనపడదు. అసలు కథంతా అక్కడే. కాబట్టి చూసి ఆనందించడానికి ఈ విభాగం చాలు, కొనడం నేర్చుకోవడానికి చాలదు.

నెల్లూరులో పాత ఇళ్ళ సామానులో ‘జర్మనీ బొమ్మ’ అని ఏదైనా చేతికొస్తే ముందు తిరగేయండి. మైసెన్ గుర్తయిన నీలం కత్తుల జంట 1722 ప్రాంతం నుంచి ఉంది. అది గ్లేజు, అంటే పైనున్న గాజు పూత, కింద ఉండాలి, గోటికి తగలకూడదు. అలా ఉన్నా నమ్మేయకండి, దొంగ కత్తులకు కొదవలేదు. ఇంగ్లీషులో ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని ఉంటే 1880ల చివరి తర్వాతి సరుకనే అనుకోవాలి. వేళ్ళు, ఆకుల కొసలు అతికినవేమో చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చితో చూడండి. జిగురు, కొత్త రంగు ఉన్నచోట వెలుగు తేడాగా కనిపిస్తుంది. అతుకు తేలితే నీళ్ళలో నానబెట్టి మాత్రం కడగొద్దు, పాత జిగురు ఊడొస్తుంది.

శుక్రవారం మ్యూజియం సెలవు. పదింటికి తలుపులు తీయగానే నేరుగా పింగాణీ దగ్గరికి పోండి. గడియారం ఎలాగూ గంటగంటకీ కొడుతుంది.