ఎలక్ట్రిక్ షవర్: ధార సన్నబడితే ముందు జాలీ చూడండి

పారే నీళ్లని అప్పటికప్పుడే వేడిచేసే మా ఎలక్ట్రిక్ షవర్‌లో నాకు బాగా నచ్చిన భాగం, చెత్తని ఆపే బొటనవేలి గోరంత జాలీ. పైపు మిషన్‌లోకి వెళ్లే చోట నట్టు లోపల ఉంటుంది. కొన్నప్పుడు షాపులో దాని ఊసే ఎత్తలేదు. ఇన్నేళ్లు వాడాక చెబుతున్నాను, ఇలాంటి మిషన్ కొనేవాళ్లు ముందు ఆ జాలీ బయట నుంచి తీయడానికి వస్తుందో లేదో చూసుకోండి.

మాది శ్రీకాకుళంలో పై వాటా. కరోనా తర్వాతి చలికాలంలో అమ్మ కోసం బిగించాం. మోకాళ్ల నొప్పులతో ఆవిడ బకెట్ ఎత్తలేకపోయేది. స్విచ్ వేస్తే వెంటనే వేడి నీళ్లు వచ్చేవి. కనిపించిన చుట్టాలందరికీ ఇదే కొనుక్కోమని చెప్పాను.

అది మొండికేసింది రథసప్తమి ముందు రోజు రాత్రి. అరసవల్లి దర్శనానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. నెత్తి మీద జిల్లేడాకులు పెట్టుకుని తలస్నానం చేసి, తెల్లారకముందే క్యూలో నిలబడాలని అందరి తొందర. అమ్మ బాత్రూంలోంచి కేకేసింది: "ఏటిరా ఇది, నీళ్లు పడతన్నాయా, కారతన్నాయా?" సన్నటి ధార. ఒక నిమిషం ఒళ్లు కాలేంత వేడి, వెంటనే చన్నీళ్లు, మళ్లీ వేడి. ఆ పూటకి గ్యాస్ మీద గిన్నెలు పెట్టి గట్టెక్కాం.

తర్వాత పిలిచిన ఎలక్ట్రీషియన్ మూత కూడా తీయకుండానే థర్మోస్టాట్ (వేడి ఎక్కువైతే హీటర్‌ని ఆపే భాగం) పోయిందన్నాడు. ఇంకొకాయన ప్రెషర్ పంపు పెట్టించుకోమన్నాడు. రెండూ వేల రూపాయల మాటలే. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పని సమయం చూసుకుని నేనే మొదలుపెట్టాను. కింద వాటాలో మోటారు, వంటింట్లో కుళాయి నడుస్తుంటే ఏ లెక్కా తేలదు. ముందు మెయిన్ దగ్గర కరెంటు ఆపే ఎమ్‌సీబీని ఆపేశాను. స్విచ్ ఒక్కటి ఆపి నీళ్ల మిషన్ ముట్టుకోవద్దు. షవర్ తల విప్పి, గొట్టం నుంచి వచ్చే నీళ్లని లీటరు మగ్గులో పట్టి గడియారం చూశాను. ధార పెరగలేదు. అంటే షవర్ తలలో ఏమీ అడ్డు లేదు. తర్వాత మిషన్‌కి నీళ్లు ఆపే యాంగిల్ కాక్ కట్టేసి, మిషన్‌లోకి వెళ్లే పైపు విప్పి, ఆ కొసని బకెట్‌లో పెట్టి కాక్ తెరిచాను. నీళ్లు దబదబా పడ్డాయి. ట్యాంకు, పైపు, కాక్ అన్నీ బాగున్నట్టే. ఇక మిగిలింది మిషన్. నట్టు లోపల చూస్తే జాలీ నిండా ఎర్రమట్టి, పైపు కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బిగించాను. అమ్మ ఆ సాయంత్రమే మళ్లీ షవర్ కింద స్నానం చేసింది.

వేడీ చల్లా మార్చి మార్చి రావడానికి కారణం కూడా అదే. నీళ్లు తగ్గితే లోపల మరీ వేడెక్కుతుంది, థర్మోస్టాట్ హీటర్‌ని ఆపేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ వేస్తుంది. పాపం, థర్మోస్టాట్ దాని పని అది చేసింది. నాగావళి ఎర్రగా పారే రోజుల్లో మా ట్యాంకు అడుగున మట్టి చేరుతుంది. అందుకని ట్యాంకు కడిగించిన ప్రతిసారీ జాలీ కూడా తీసి చూస్తున్నాను. మా మిషన్‌లో దానికి ఒక్క నట్టు విప్పితే చాలు, మూత తెరవక్కర్లేదు. అలా ఆలోచించి చేసినవాళ్లకి నా దండం.

అయితే మొదట్లో పొగిడినంతగా ఇప్పుడు పొగడలేను. జాలీ ఎంత శుభ్రంగా ఉన్నా చలికాలం తెల్లవారుజామున ధార సన్నగానే ఉంటుంది. 3 కిలోవాట్ల హీటర్ నిమిషానికి 2 లీటర్ల నీళ్లని సుమారు 21 డిగ్రీలు వేడెక్కించగలదు. 4 లీటర్లు వదిలితే అందులో సగమే. పైగా వోల్టేజీ 230 నుంచి 200కి పడితే వేడి చేసే బలం నాలుగింట మూడు వంతులే మిగులుతుంది. కాబట్టి వేడి కావాలంటే నీళ్లు తగ్గించుకోవాలి. ఇది రిపేరుతో పోయే సంగతి కాదు. జోరుగా తలస్నానం చేయాలంటే నేను ఇప్పటికీ బకెట్టే వాడతాను.

ఇంకోటి, ట్యాంకు ఎత్తు. పది మీటర్ల ఎత్తు ఉంటే ఒక బార్ (ప్రెషర్‌ని కొలిచే లెక్క) ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకు మెట్లగది మీద ఉంది, షవర్‌కీ దానికీ మధ్య రెండు మీటర్లకి కాస్త ఎక్కువ. మా మిషన్ ఆ కొంచెం ప్రెషర్‌కే పనిచేస్తుంది గానీ అన్నీ చేయవు. కనీసం ఎంత ప్రెషర్ కావాలో మిషన్‌తో వచ్చే పుస్తకంలో చూసి కొనాలి.

కింద వాటావాళ్లు అడిగితే పెట్టుకోమనే చెప్పాను. వాళ్లకి ట్యాంకు ఇంకో అంతస్తు పైన ఉన్నట్టు లెక్క, ధార మాకన్నా బాగుంటుంది. మా అక్క వాళ్లది పూర్తిగా బోరు నీళ్లు, కుళాయిల మీద తెల్లటి గార కడుతుంది. ఆ గార హీటర్ లోపల కూడా పడుతుంది, దాన్ని జాలీ ఆపలేదు. ఆవిడకి మాత్రం పదిహేను లీటర్ల గీజరే తీసుకుని ఏటా సర్వీసు చేయించుకోమన్నాను. మాకైతే, అమ్మ ఒక్కర్తే వాడుతుంది కాబట్టి, ఇది సరిపోతోంది.