గ్రీకు పౌరసత్వం, పాస్‌పోర్ట్: ప్రక్రియ ఎలా ఉందంటే

గోల్డెన్ వీసా (పెట్టుబడి పెట్టినవారికిచ్చే నివాస అనుమతి) అమ్మే ఏజెంట్లు "ఏడేళ్లలో పాస్‌పోర్ట్" అంటారు. అది సగం మాటే. ఇల్లు కొంటే దక్కేది నివాస అనుమతి మాత్రమే. పౌరసత్వానికి ఏడేళ్లు అక్కడ నిజంగా కాపురం ఉండాలి, ఆదాయాన్ని పన్ను కాగితాలతో చూపాలి.

పౌరసత్వ పరీక్ష పద్ధతిని మాత్రం మెచ్చుకోవాలి. 2021 నుంచి రాతపరీక్ష ఉంది, ప్రశ్నల బ్యాంకు ముందే దొరుకుతుంది. ఫీజు 150 యూరోలు. గ్రీకు భాష బీ1 (మధ్యస్థ) స్థాయిలో రావాలి, చరిత్ర, భూగోళం, రాజ్యాంగ వ్యవస్థ కూడా చదవాలి. దరఖాస్తుకు మరో 550 యూరోలు. ఆ తర్వాత ఫైలు కదలడమే బాధ, చాలా నెమ్మది.

నిర్ణయం గెజెట్‌లో వచ్చాక ఏడాదిలోపు ప్రమాణం చేయకపోతే అది చెల్లదు. ప్రమాణం తర్వాత మునిసిపాలిటీ రిజిస్టర్‌లో పేరు, ఆపై పోలీసుల దగ్గర గుర్తింపు కార్డు, పాస్‌పోర్ట్. పెద్దలకు పదేళ్ల గడువు.

మనవాళ్లు తప్పక చూసుకోవాల్సింది పేరు. గ్రీకులో 'డ' శబ్దానికి విడి అక్షరం లేదు, రెండక్షరాలు కలిపి రాస్తారు. దాన్ని ప్రామాణిక పద్ధతిలో రోమన్ లిపిలోకి మారిస్తే 'రెడ్డి' కాస్తా 'రెంటి' అవుతుంది. డిగ్రీలు, బ్యాంకు ఖాతాలతో పొంతన పోతుంది. కార్డు ముద్రణకు ముందే పాత పాస్‌పోర్ట్ చూపి స్పెల్లింగ్ గురించి అడగండి.

గ్రీసు ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటుంది, భారత్ ఒప్పుకోదు. భారత పాస్‌పోర్ట్ అప్పగించి, అందుకు ఇచ్చే ధ్రువపత్రంతోనే ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు) దరఖాస్తు చేయాలి.