నా కాళ్ళను పట్టించుకున్న మూడేళ్ళు

చెన్నై టి.నగర్‌లో ఒక పట్టుచీరల దుకాణంలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ఉదయం పదింటికి కౌంటర్ వెనక నిలబడితే మధ్యాహ్నం అన్నానికి అరగంట, సాయంత్రం టీకి పది నిమిషాలు. ఆ తర్వాత కూర్చోవడమంటే రాత్రి మాంబళం స్టేషన్‌లో రైలెక్కాక, అదీ చోటు దొరికితే. దుకాణాల్లో పనివాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో చట్టాన్ని సవరించింది. మాకూ స్టూళ్ళు వచ్చాయి. ఆడి మాసం (తమిళుల ఆషాఢం) తగ్గింపు అమ్మకాలు మొదలయ్యాయంటే మాత్రం ఆ స్టూళ్ళ మీద చీరల అట్టపెట్టెలు కూర్చుంటాయి, మేము నిలబడతాం.

ఈ సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. రిఫ్లెక్సాలజీ, అంటే పాదంలో ఒక్కో చోటు ఒక్కో అవయవానికి చెందుతుందని నమ్మి అక్కడ వేళ్ళతో నొక్కే పద్ధతి గురించి రాసేవాళ్ళు చాలామంది ఎక్కడికో సెలవులకు వెళ్ళి, ఒక్కసారి చేయించుకుని, స్వర్గం కనిపించిందని రాసేస్తారు. నాది సరదా కాదు, కాళ్ళు మొరాయిస్తే నాకు జీతం లేదు. మూడేళ్ళలో నలభై సార్లకు పైగా వెళ్ళాను. మొదటి ఆరు నెలలు పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి, నాకు సెలవు ఉండే మంగళవారాల్లో. అప్పట్లో గంటకు ఏడు వందలు, ఇప్పుడు వెయ్యి. మొత్తం ముప్పై అయిదు వేలు దాటింది. మా కౌంటర్ లెక్కలో రెండు మంచి కంచిపట్టు చీరలు.

మొదటి రోజు నన్ను ఇబ్బంది పెట్టింది నొప్పి కాదు, సిగ్గు. నన్ను వాలుకుర్చీలో కూర్చోబెట్టి, ఇరవై రెండేళ్ళ మణిపూర్ అమ్మాయి కింద పీట వేసుకుని గోరువెచ్చని ఉప్పునీళ్ళలో నా పాదాలు కడుగుతుంటే చటుక్కున వెనక్కి లాక్కున్నాను. మన ఇళ్ళలో కాళ్ళు కడిగించుకునేది పెళ్ళికొడుకు, కాకపోతే పీఠాధిపతి. చిన్నప్పుడు నాయనమ్మ కాళ్ళు పిసికితే పావలా ఇచ్చేది. నేనెప్పుడూ ఆ పావలా వైపే ఉన్నాను, ఇటువైపు ఎన్నడూ లేను. ఆ అమ్మాయి నవ్వి "పరవాలేదక్కా" అంది తమిళంలో. నా తమిళంలో తెలుగు యాస, ఆమె తమిళంలో కొండల యాస. ఇద్దరికీ సరిపోయింది.

చేసే పద్ధతి మామూలు మాలిష్ లాంటిది కాదు. నూనె పోసి రుద్దరు, కొద్దిగా క్రీము రాస్తారంతే. బొటనవేలి అంచుతో గొంగళిపురుగు పాకినట్టు కొంచెం కొంచెంగా జరుగుతూ, మడమ నుంచి వేళ్ళ దాకా గీత తర్వాత గీతగా నొక్కుకుంటూ వెళ్తారు. చీలమండ చుట్టూ, వేళ్ళ సందుల్లో కూడా. కొన్ని చోట్ల కొయ్యపుల్లతో పొడుస్తారు. అది ఒకసారి చవిచూశాను, రెండోసారి ఆ గడప తొక్కలేదు.

గోడ మీద రంగుల పటం తప్పకుండా ఉంటుంది. బొటనవేలు తల. వేళ్ళ కింది మెత్తటి భాగం ఊపిరితిత్తులు. పాదం వంపులో జీర్ణకోశం, లోపలి అంచు వెంట వెన్నెముక, కాలేయం కుడి పాదంలో, గుండె ఎడమ పాదంలో. కింద "అయిదు వేల ఏళ్ళ ప్రాచీన విద్య" అని అక్షరాలు. కాళ్ళు పట్టడం ఎంత ప్రాచీనమైనా కావచ్చు, మన ఆయుర్వేదంలోనూ పాదాభ్యంగం ఉంది. ఈ పటం మాత్రం మా నాయనమ్మ ఈడుది. 1910లలో అమెరికాలో విలియం ఫిట్జ్‌గెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు శరీరాన్ని నిలువునా పది భాగాలు చేశాడు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు ఆ ఆలోచనను పాదాల మీదకు దించి, ఏ అవయవానికి ఏ చోటో గుర్తులు పెట్టింది. ఫిజియోథెరపీ చదువుతున్న మా మేనల్లుడు నాకు ఈ చరిత్ర చెప్పి, ఇంకో రెండు సంగతులు కూడా వడ్డించాడు. ఇది ఏ ఒక్క జబ్బునైనా నయం చేస్తుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదని 2009లో పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష తేల్చిందట. ఆస్ట్రేలియాలో 2019 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా రాయితీల జాబితాలోంచి దీన్ని తీసేశారట. వాడితో నాకు తగాదా లేదు. ఎందుకంటే ఆ పటం నాకు చేసిన మేలు ఇది:

రెండో ఏడు, నాకు అలవాటైన అమ్మాయి ఊరెళ్ళిందని వేరే పెద్ద సెంటర్‌కు వెళ్ళాను. అక్కడి అనుభవజ్ఞుడు అరికాలి మధ్య నుంచి మడమ వైపు నొక్కుతుంటే "అబ్బా" అన్నాను. ఆయన గంభీరంగా పటం వైపు చూసి, "కిడ్నీ బలహీనంగా ఉంది, పన్నెండు సార్లు రావాలి" అన్నాడు. మా నాన్న కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. మర్నాడు రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించాను. అంతా మామూలే. ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్తే ఆయనా అదే చోట నొక్కారు, నేనూ అదే "అబ్బా" అన్నాను. "పొద్దున మంచం దిగగానే వేసే మొదటి అడుగులకే ఎక్కువ నొప్పా?" అని అడిగారు. అవును. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద దళసరి పొర ఒకటి ఉంటుందట, గంటల తరబడి నిలబడితే అది దెబ్బతింటుందట. ప్లాంటార్ ఫేషియైటిస్. పిక్కలు సాగదీసే వ్యాయామం, మెత్తటి అడుగున్న చెప్పులు, సీసాలో నీళ్ళు గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించడం. నాలుగు నెలలు పట్టింది. మడమ నొప్పి తగ్గిన ఘనతలో రిఫ్లెక్సాలజీకి నేను వాటా ఇవ్వను.

మరి ఎందుకు మానలేదని మా ఆయన అడుగుతూనే ఉంటారు.

రోజంతా నేను జవాబులు చెబుతాను. ఇదే రంగులో చిన్న అంచు ఉందా, జరీ అసలుదేనా, ఇంకో పది చూపించు, పైనున్నది తీయి. ఇంటికొస్తే ఇంకో రకం ప్రశ్నలు. ఆ గంటసేపు మాత్రం నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఒకరి చేతులు నా పాదాలను పట్టుకుని ఉంటాయి, అంతే. ఇరవై నిమిషాలకు నిద్రపోతాను. గురక పెడతానని ఆ అమ్మాయి మొహమాటపడుతూ చెప్పింది. ఆ రాత్రి ఏడు గంటలు కదలకుండా పడుకుంటాను. పిక్కల్లో పట్టు వదులుతుంది, భుజాలు కూడా దిగుతాయి. భుజాల కోసం పాదంలో ఎక్కడ నొక్కారన్నది నాకు అనవసరం. మంగళవారం అమ్మ వేరు, శుక్రవారం అమ్మ వేరు అంటుంది మా అమ్మాయి. ఆ మాటలోనే దీని ఆయుర్దాయం కూడా ఉంది. గురువారం రాత్రికి అంతా కరిగిపోతుంది.

మా అత్తయ్యను మాత్రం తీసుకెళ్ళలేదు. ఆవిడకు పద్దెనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధి, పాదాలు మొద్దుబారాయి, చెప్పు జారిపోయినా తెలియదు. "తీసుకురండి, తిమ్మిరి పోతుంది" అన్నారు ఒక చోట. స్పర్శ లేని కాలిని వేడినీళ్ళలో పెడితే కాలినా తెలియదు, ఆ కాళ్ళ మీద చిన్న గాయం కూడా పుండవుతుంది. కాలి సిరలో రక్తం గడ్డకట్టినవాళ్ళు, ఎముక విరిగినవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా వెళ్ళకూడదు. నేను చూసిన మూడు సెంటర్లలో ఇవన్నీ ముందే అడిగి కాగితం మీద రాసుకున్నది ఒక్కటే. అక్కడే స్థిరపడ్డాను.

డబ్బు పెట్టలేనివాళ్ళకు చెన్నై పార్కుల్లో ఎనిమిది అంకె ఆకారంలో నడకదారులు ఉన్నాయి, కొన్నింటికి గులకరాళ్ళు పొదిగారు. తెల్లవారుజామున పెద్దవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని తిరుగుతుంటారు. మడమ నొప్పి ఉన్న రోజుల్లో నేనూ ఆ రాళ్ళ మీద పౌరుషంగా నడిచి, మూడు రోజులు కుంటాను.

ప్యాకేజీ సంగతి. పదిసార్లకు ఒకేసారి కడితే రెండుసార్లు ఉచితం అన్నారని కట్టాను. ఆరు నెలల్లో వాడేయాలని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. దీపావళి అమ్మకాల్లో నాకు సెలవు ఎక్కడిది? మూడు మురిగిపోయాయి. ఇప్పుడు ఎప్పటి డబ్బు అప్పుడే ఇస్తున్నాను.

మణిపూర్ అమ్మాయి అక్క పెళ్ళికని ఊరెళ్ళి తిరిగి రాలేదు. కొత్తగా వచ్చిన అమ్మాయి వేలికి బలం ఉంది, పద్ధతీ తెలుసు. కానీ ఎక్కడ పని, ఎంతమంది పిల్లలు, చీర ఎంతకు కొన్నారు అని గంటసేపూ అడుగుతూనే ఉంది. వచ్చే మంగళవారం కుర్చీలో కూర్చోకముందే ఆమెతో ఒక మాట చెప్పాలి.