బిగించిన బెంచీలా, జరుపుకునే కుర్చీలా?

నలుగురు కూర్చునే బహిరంగ స్థలం ఏదైనా ఈ ప్రశ్న తప్పదు.

ఖర్చు: బెంచీకి మొదట్లోనే ఎక్కువ, తర్వాత పెద్దగా ఉండదు. కుర్చీ చవకే, కానీ విరుగుతుంది, మాయమవుతుంది.

శ్రమ: బెంచీని తుడిస్తే చాలు. కుర్చీలను రోజూ సర్దడానికి మనిషి కావాలి.

దూరం: అసలు తేడా ఇక్కడే. బెంచీ మీద ఎవరు ఎంత ఎడంగా కూర్చోవాలో కట్టినవాళ్లే తేల్చేస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మధ్య సీట్లకు టేపు అంటించాల్సి వచ్చింది అందుకే. కుర్చీనైతే జబ్బు భయం ఉన్నప్పుడు ఆరడుగులు జరుపుకుంటాం, అది తగ్గాక దగ్గరికి లాక్కుని కబుర్లు చెప్పుకుంటాం. జనం కూర్చునే ముందు కుర్చీని అటూ ఇటూ జరిపి, చివరికి దాదాపు ఉన్నచోటే వేస్తారని న్యూయార్క్ కూడళ్లను పరిశీలించిన విలియం వైట్ గమనించాడు. చిన్న విషయమే, కానీ ఆ చోటు మనదనిపిస్తుంది. అదే నగరంలో బ్రయంట్ పార్కు 1992లో మళ్లీ తెరుచుకున్నప్పుడు కుర్చీలనే నమ్ముకుంది.

రిస్క్: తేలిక కుర్చీ గాలికి పడుతుంది, పెద్దవాళ్లు ఆనుకుని లేవబోతే జారుతుంది. ఆ విషయంలో చేతులున్న బెంచీయే నయం.

రాత్రి కాపలా లేని చోట, బస్టాపు దగ్గర బెంచీ వేయండి. చూసుకునే మనిషి ఉండి, సాయంత్రాలు సభలూ ఆటలూ జరిగే మైదానమైతే కుర్చీలు. పచ్చిక మాత్రమే ఉంటే రెండూ అక్కర్లేదు: 2020 మేలో బ్రూక్లిన్‌లోని డొమినో పార్కు గడ్డి మీద జనం ఎడంగా కూర్చునేలా తెల్ల వలయాలు గీసి పని కానిచ్చింది.